జంఖానా దులిపితే రాలినవి

మా ఇంటి వెనుక మూతబడిన బియ్యపు మిల్లు ఒకటి ఉన్నది. అది ఉప్పుడు బియ్యం పట్టిన కాలంలో, ఉడికించిన వడ్లను ఆరబోయడానికి యజమాని విశాలమైన సిమెంటు కళ్లం పోయించాడు. వాననీళ్లు నిలువకుండా ఒక పక్కకు సన్నని వాలు ఇప్పించాడు. మిల్లు పోయింది, కళ్లం మిగిలింది. దానిని కిరాయికి తీసుకొని ఒక అమ్మాయి కార్పెట్లు ఉతికే వ్యాపారం పెడుతున్నదని విన్న నాడు, నేను చాయ కప్పు కింద పెట్టి, "ఏమి ఉతుకుతుందట?" అని రెండవసారి అడిగాను.

నా విస్మయానికి కారణం ఉన్నది. కరీంనగరంలో చీరలు ఉతికించుకొంటారు, కార్లు కడిగించుకొంటారు, నీళ్ల ట్యాంకులు తోమించుకొంటారు. కార్పెట్టును మాత్రం దులుపుతారు, చుడతారు, అటక మీద పెడతారు. మరీ పాడైతే కుక్కకు పరుస్తారు. దానిని ఉతికించుకోవచ్చునన్న ఆలోచన మా వీధిలో ఎవరికీ కలిగినట్టు లేదు.

ఆ అమ్మాయి పేరు వనిత. దుకాణానికి పేరు పెట్టుమని నా దగ్గరికే వచ్చింది. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవానిని అటువంటి కోరిక కోరడం ఎంత ప్రమాదమో ఆమెకు తెలియదు. కార్పెట్టుకు మన కావ్యాలలో 'రత్నకంబళము' అనే అందమైన మాట ఉన్నదని చెప్పాను. కంబళము సంస్కృతమనీ, కంబళి దాని నుండి వచ్చిన తద్భవమనీ, తివాచీ, జంఖానా అన్యదేశ్యాలనీ, ఈ మాటలన్నీ మన ఇండ్లలోనికి ఏయే దారులలో వచ్చాయో ఆలోచిస్తే ఒక చరిత్ర పుస్తకమే అవుతుందనీ వివరించాను. చివరకు 'రత్నకంబళ ప్రక్షాళన కేంద్రం' అని కాగితం మీద గుండ్రని అక్షరాలతో రాసి ఇచ్చాను.

ఆమె దానిని కూడబలుక్కొని చదివి, "మంచిగనే ఉన్నది సారు. కని గిది చదువుకొని మనిషి లోపటికి వచ్చేసరికి వాని కార్పెటే చినిగిపోతది," అన్నది.

బోర్డు మీద 'వనిత కార్పెట్ వాషింగు' అని పడింది. 'వాషింగు' చివర ఉకారం నేను పట్టుబట్టి సాధించినది. 'కార్పెట్' చివరి పొల్లు విషయంలో ఓడిపోయాను.

వనిత గోదావరిఖని పిల్ల. తండ్రి ఇస్తారి బొగ్గుబాయిలో భూమి లోపలి పని చేసి విరమించాడు. తల్లి సత్తవ్వ ఆ ఉద్యోగకాలమంతా ఆయన బట్టలు ఉతికింది. ఈ రెండవది కూడ ఉద్యోగమేనని వనిత మాటలు విన్న తరువాతనే నాకు తట్టింది. బొగ్గు పట్టిన బట్టను సత్తవ్వ ఎన్నడూ ముందుగా నీళ్లలో వేయలేదట. తీగ మీద వేసి, కట్టెతో కొట్టి, నల్లని దుమ్ము రాలడం పూర్తిగా ఆగిన తరువాతనే తడిపేదట.

"దులుపకుంట తడిపితె బొగ్గు బట్టల కాపురం పెడ్తది సారు. ఇగ ఎల్లగొట్టలేం," అని వనిత తన తల్లి గొంతును అనుకరించి నవ్వింది.

ఆమె భర్త ప్రేమ్‌సాగర్ మా ఊరివాడే. గోపాల్ అనే ఆసామి టెంట్ హౌస్‌లో ట్రాలీ ఆటో నడిపేవాడు. షామియానాలు, కుర్చీలు, వంట గంగాళాలు, చారల జంఖానాలు ఇంటింటికీ చేరవేయడం అతని పని. ఒక వానకు బురదలో నాని కుళ్లిన జంఖానాను గోపాల్ పారవేయించగా, ప్రేమ్‌సాగర్ రేకుల మీద కప్పుకొందామని ఇంటికి తెచ్చాడట. వనిత దానిని ఎండబెట్టి, తల్లి పద్ధతిలో కొట్టి, ఆ తరువాత ఉతికి గోడ మీద వేసింది. సాయంత్రం ఇంటికి వచ్చిన ప్రేమ్‌సాగర్, "ఎవలదే గీ కొత్త జంఖానా?" అని అడిగాడట. వ్యాపారం ఆ ప్రశ్నలో పుట్టింది.

మిల్లు యజమాని మాత్రం ఒక షరతు పెట్టాడు. ఈ లగ్గాల కాలం వరకు చూస్తాననీ, పని నడువకపోతే కళ్లాన్ని పత్తి వ్యాపారికి ఇచ్చివేస్తాననీ అన్నాడు. కళ్లం పోతే ఉన్న ఊరిలో అటువంటి జాగా మరొకటి దొరకదు. వాలుగా ఉండాలి, గచ్చు ఉండాలి, రోజంతా ఎండ పడాలి. "గిది పోతె మళ్ల ఖనికే పోయి అవ్వోళ్లింట్ల పడాలె సారు," అన్నది వనిత. ఆ మాట అనేటప్పుడు ఆమె నవ్వలేదు.

మొదటి కార్పెట్టు నేనే ఇచ్చాను. అది మా ముందు గదిలోనిది. నా భార్య రమ ఎన్నో ఏండ్ల కింద నుమాయిష్ ప్రదర్శనలో కొన్నది. దాని రంగు గురించి మా ఇద్దరికీ ఎడతెగని వాదం ఉండేది. రమ 'ఎర్రది' అనేది. నేను కళ్లెదుట కనబడుతున్న సత్యాన్ని ఎట్లా కాదంటావని, 'గోధుమ వన్నె' అని సరిదిద్దేవాణ్ణి. రమ పోయి రెండేండ్లు దాటింది. వనిత కార్పెట్టును బోర్లా వేసి కొట్టినప్పుడు దాని కింద ఇసుక కుప్ప పడింది. కడిగి ఆరవేసిన దానిని చూడడానికి వెళ్లి, నేను దారిలోనే ఆగిపోయాను. కుంకుమ వలె ఎర్రగా ఉన్నది. వాదంలో ఓడిపోయానని చెప్పడానికి అవతల మనిషి లేదు. 

ఆ కార్పెట్టును మా ఇంట్లో చూసినవారిలో విద్యాధర్ ఒకడు. నా పూర్వ విద్యార్థి. వాళ్లది భూములున్న కుటుంబం, ఇప్పుడు జమ్మికుంట మార్కెట్లో పత్తి వ్యాపారం చేస్తున్నాడు, కళ్లాన్ని కోరినవాడు మాత్రం వేరు. కూతురు రచన పెండ్లి ఫంక్షన్ హాలులో గాక తమ ఇంటి ముంగిట్లోనే పందిరి వేసి చేస్తున్నాడు. టెంటు పని గోపాల్‌కు ఇచ్చాడు. నా కార్పెట్టును చేతితో తడిమి చూసి, గోపాల్‌ను పిలిపించి, "జంఖానాలన్ని వనిత దగ్గర కడిగిచ్చినంకనే మా ఇంటికి రావాలె," అని కట్టడి చేశాడు. గోపాల్ అయిష్టంగానే ఒప్పుకొని, ఈ లగ్గం మంచిగా వెళితే ఇకముందు తన సరుకంతా వనితకే ఇస్తానన్నాడు. మిల్లు యజమాని అడిగిన 'పని నడవడం' అంటే ఇక ఇదే. వనిత కళ్లం ఉండడమూ, ఊడడమూ రచన పెండ్లి జంఖానాల మీద ఆధారపడ్డది.

అదే వారంలో జానకీబాయి ఇంటి నుండి ఒక పెద్ద ఉన్ని తివాచీ వచ్చింది. జానకీబాయి భర్త లింగారావు గారు ఇటీవలనే కాలం చేశారు. హాలులో ఆ తివాచీ మీదనే ఆయనను పడుకోబెట్టి ఊరంతటికీ కడసారి చూపు చూపించారు. దినాలు గడిచిన తరువాత దానిని కడిగించి గాని లోపల పరువరు.

ఇక్కడ వనిత ఒక పొరపాటు చేసింది. బొగ్గుబాయి కాలనీలో పెరిగిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది. ఆ క్వార్టర్లలో వరుసకంతటికీ ఒకటే నల్లా, బట్టలు ఆరవేయడానికి ఒకటే తీగ. ఒక ఇంట్లో పెండ్లి, పక్క ఇంట్లో చావు జరిగినా రెండిండ్ల బట్టలూ ఆ తీగ మీదనే ఆరుతాయి. చోటు లేక అలవాటైన పద్ధతి అది, దానిని ఎవరూ తప్పుగా పట్టరు. వనిత లింగారావు గారి తివాచీని కడిగి, రచన పెండ్లి జంఖానాల పక్కనే, అంచుకు అంచు తగిలేటట్టు పరిచింది.

పెండ్లి ఎల్లుండి అనగా, పొద్దున విద్యాధర్ తన అక్క గంగుబాయిని వెంటబెట్టుకొని కళ్లానికి వచ్చాడు. గంగుబాయి నిర్మల్ కోడలు. లింగారావు గారి కడసారి చూపుకు వచ్చి వెళ్లి, పెండ్లి పనులకు వారం ముందే మళ్లీ పుట్టింటికి దిగింది. సగం జంఖానాలు ఆరుతున్నాయి. తక్కినవాటిని వనిత, ప్రేమ్‌సాగర్ బరకం మీద వేసి కట్టెలతో కొడుతున్నారు. బరకం అంటే టార్పాలిన్. రాలిన చెత్త దాని మీద కుప్పగా పడుతున్నది. నేను నా అలవాటు ప్రకారం గోడ నీడన కుర్చీ వేసుకొని చూస్తున్నాను.

గంగుబాయి మొదట జంఖానాల చారలను చూసి, "అబ్బో, అద్దం లెక్క చేసిందే పిల్ల," అని మెచ్చుకొన్నది. నాలుగడుగులు వేసి ఆగింది.

"అగో, గిది జానకి వాళ్లది గాదూ? లింగన్నను పండవెట్టింది దీని మీదనే గద!"

"అవునమ్మా," అన్నది వనిత సంబురంగా. "ఉన్నిది గద, జర కష్టమైంది. కని సూడుండ్రి ఎంత మంచిగ తేలిందో!"

 గంగుబాయి చేయి గుండెల మీదికి వెళ్లింది. 

"మంచిగ తేలిందట! లగ్గం జంఖానాల పక్కపొంటి సావు తివాచీ ఆరేసినవా? నీకు బుద్ధున్నదానే, పిల్లా? బుద్ధున్నదా?"

వనిత చేతిలో కట్టె అట్లాగే గాలిలో ఆగింది. ఏమి జరిగిందో ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "మా కాలనీల ఒక్కటే తీగె అమ్మా, అందరియి దాని మీదనే..." అని మొదలుపెట్టింది.

"మీ కాలనీ ముచ్చట నాకెందుకే? ఎల్లుండి మా పిల్ల గీ జంఖానాల మీదనే కదా కూసునేది! తమ్మీ, ఇంటున్నవా? చెవులున్నయా నీకు?"

"అక్కా, జర నిమ్మలంగ మాట్లాడు. సారు ఉన్నరు," అన్నాడు విద్యాధర్.

"సారుంటే ఏంది? సారును గూడ అడుగు! ఏ శాస్త్రంల ఉన్నది సారూ గిట్ల?"

నాకు తెలిసిన శాస్త్రం వ్యాకరణం. అందులో ఈ ప్రశ్నకు సమాధానం లేదు. 

విద్యాధర్ ఫోను చేయగా గోపాల్ స్కూటరు మీద వచ్చాడు. సంగతి విని అతని ముఖం పాలిపోయింది. వనిత వైపు వేలు చూపిస్తూ, "ఇగ నీకు నాకు ఖతం. నా సరుకు నాకియ్యి. వేరే ఊర్ల నుంచి జంఖానాలు తెప్పిస్తా," అన్నాడు. కళ్లం పోయినట్టేనని నాకు అర్థమైంది. వనిత ఏడవలేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు కళ్లు పెద్దవి చేసుకొని ఊరికే నిలుచున్నది. ప్రేమ్‌సాగర్ ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ చూపు ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. ఆ వెంటనే ఆమె చీపురు అందుకొని బరకం మీది కుప్పను తొందరగా ఊడ్వబోయింది.

"ఆగు!" అన్నది గంగుబాయి. ఆ కుప్పలో పసుపుపచ్చని బియ్యం మెరుస్తున్నది. "సూడు గోపాల్, సూడు! గిన్ని తలంబ్రాలు! ఎన్ని లగ్గాలు చేసినయో గీ జంఖానాలు. గసొంటి శుభమైనయి తీస్కచ్చి మైల చేసిండ్రు గద!" అంటూ వంగి, దోసిటి నిండా ఆ బియ్యాన్ని ఎత్తింది. పవిత్రమైనదానిని ఎత్తుకొన్నట్టే ఎత్తింది.

దుమ్ము వేళ్ల సందులలో నుండి జారింది. అరచేతిలో పచ్చని గింజలు మిగిలాయి. వాటి నడుమ నల్లని గింజలు కూడ మిగిలాయి.

"గీ నల్లయి ఏంది?" అన్నది.

 గంగుబాయి అరచేతిని కళ్ల దగ్గరికి తెచ్చుకొన్నది. వేలితో కదిపింది. తండ్రికీ, అత్తకూ, మామకూ కర్మలు జరిగిన ఇంట్లో తిరిగిన మనిషి ఆమె. ఇక ఎవరూ చెప్పవలసిన పని లేదు.

"నువ్వులు," అన్నది చాలా మెల్లగా. "తమ్మీ, లగ్గంల నల్లనువ్వులు ఎందుకుంటయి?"

గోపాల్ స్కూటరు తాళపుచెవిని అటూ ఇటూ తిప్పి చూసుకొంటున్నాడు.

"ఇగ నేను చెప్పుత సేటూ," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"నోర్మూయ్ బే!"

"ఎట్లైన నన్ను తీసేస్తవు గద. చెప్పే పోత." అతడు గంగుబాయి వైపు తిరిగాడు. "అమ్మా, లగ్గానికి వేరే, దినాలకు వేరే అని జంఖానాలు ఏ టెంట్ హౌస్‌ల ఉండవు. అన్ని గివే. పొద్దుగాల దినాలింట్ల సుట్టి, మాపటికి లగ్గపు పందిట్ల పరుస్తం. నడుమ దులుపుడు గూడ ఉండది. వేరే ఊర్ల నుంచి తెచ్చినా గంతే. మీ బిడ్డ సృజనక్క లగ్గం గీ తమ్ముని ఇంట్లనే అయింది గద, గా జంఖానాలు నేనే తెచ్చిన." ఒక్క క్షణం తటపటాయించి నా వైపు చూశాడు. "సారోళ్ల ఇంట్ల నుంచి."

ఆ మాట ముందుగా గంగుబాయిని తాకిందో నన్ను తాకిందో చెప్పలేను. రమ దినకర్మ నాటి సాయంత్రం ట్రాలీ వచ్చింది. బంధువులు వెళ్లిపోయారు. ఇల్లు బోసిగా ఉంటుందని, జంఖానాలను ఒక్క రోజు ఉంచుమని నేను ప్రేమ్‌సాగర్‌ను అడిగాను. "ఉంచరాదు సారు, రేపు లగ్గమున్నది," అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది గాని లోపలికి వెళ్లలేదు. ఆ లగ్గం సృజనది. శుభలేఖ వచ్చేనాటికి రమ ఆసుపత్రిలో ఉన్నది. మంచం మీద పడుకొనే, ఆ పెండ్లికి ఏ చీర కట్టుకోవాలో నన్ను అడిగింది. అల్మారాలోని ఆకుపచ్చ పట్టుచీర తీసి పెట్టుమన్నది. నేను తీసి పెట్టాను. 

 గంగుబాయి వెనుకకు రెండడుగులు వేసి, ఉన్నచోటనే చతికిలబడింది. మెత్తగా తగిలింది గనుక పక్కకు జరుగలేదు. ఆమె కూర్చున్నది లింగారావు గారి తివాచీ నట్టనడుమ. వనిత చూసింది, నేను చూశాను, విద్యాధర్ చూశాడు. ఆ తివాచీ సంగతి ఆమెకు ఎవ్వరమూ గుర్తు చేయలేదు.

"ఇప్పుడేం జేద్దాం?" అన్నాడు విద్యాధర్. ఎవరిని అడుగుతున్నాడో అతనికే తెలియదు.

వనిత కట్టెను నేల మీద ఆనించింది. 

"అన్నా, నేను పక్కపొంటి ఆరేసుడు తప్పే. మా దిక్కు గిది పట్టింపు లేకుండె, నాకు ఎరుక లేదు. ఇగ ఆరెయ్య. కని ఒక్కటి చెప్పు. మీ లగ్గానికి గీ జంఖానాలే వస్తయి, లేకుంటె గిసొంటియే వస్తయి. కడిగినయి కావాల్నా, కడగనయి కావాల్నా?"

విద్యాధర్ అక్క వైపు చూశాడు. అక్క తన అరచేతి వైపు చూసుకొంటున్నది. నువ్వులు ఇంకా అంటుకొని ఉన్నాయి. ఆమె వాటిని చీర కొంగుకు తుడుచుకోబోయి, మానుకొని, చేతిని వనిత వైపు చాపింది.

"ముందుగాల నా చేతుల మీద నీళ్లు పొయ్యి," అన్నది. వనిత చెంబుతో పోసింది. చేతులు కడుక్కొని, పైటకు ఒత్తుకొని, గంగుబాయి గట్టిగా ఊపిరి పీల్చింది. "గోపాల్! మిగిలినయి గూడ తెచ్చి గీడ పడెయ్యి. ఒక్కటి గూడ ఉంచకు. పిల్లా, నువ్వు కడుగు. కడిగినయి గూడ ఇంకోసారి కడుగు."

"రెండుసార్లు కడిగితె రంగు దిగుతది అమ్మా."

"దిగనియ్యి! రంగెవలికి కావాలె!"

ఊరిలో మాట పాకింది. వనిత పొరపాటు గురించి ఎవరికీ పట్టలేదు. నువ్వుల సంగతి మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తమ పెండ్లి ఫొటోలు తీసి, కాళ్ల కింది జంఖానాలను చూసి దిగ్భ్రాంతి చెందారు. ఆ తరువాత టెంట్ హౌసులకు వెళ్లినవారు షామియానా రంగు కంటె ముందుగా, "కడిగినయేనా?" అని అడగడం మొదలుపెట్టారు. గోపాల్ ప్రేమ్‌సాగర్‌ను తీసివేశాడు. తిరిగి పిలువనూ లేదు. కాని తన జంఖానాలను మాత్రం ఆ ప్రేమ్‌సాగర్ భార్య కళ్లానికే పంపుతున్నాడు, వేరే దారి లేక. మిల్లు యజమాని పత్తి వ్యాపారి మాట ఎత్తడం మానాడు. వనిత కళ్లం నడుమ బరకాన్ని తెర వలె కట్టింది. ఒక వైపు లగ్గాలవి, ఒక వైపు దినాలవి ఆరుతాయి. మా మేడ మీది నుండి చూస్తే, తెర కింది నుండి రెండు వైపుల నీళ్లూ ఆ పాత వాలు వెంబడి ఒకే కాలువలో కలుస్తుంటాయి. అడిగినవారికి ఆమె ఆ మాట కూడ దాచకుండా చెబుతుంది.

రచన పెండ్లికి నేను వెళ్లాను. పందిట్లో చారల జంఖానాలు రెండు ఉతుకులు పడినా ఎరుపు, ఆకుపచ్చ తేలి కొత్తవాటి వలె ఉన్నాయి. గంగుబాయి నన్ను చూసి, పక్కకు జరిగి, "సారూ, గిటు రాండ్రి, గీడ కూసోండ్రి," అని నేలను తట్టింది. కూర్చొన్నాను. తలంబ్రాల వేళ అయింది. పిల్లలు కేరింతలు కొట్టారు, పచ్చని బియ్యం వాన వలె మా ఒళ్లలో కూడ పడింది. అందరూ పీటల వైపు చూస్తుండగా, నేను చూపుడు వేలితో జంఖానా నేతలో, దారానికీ దారానికీ నడుమ, రమ దినాల నాటి గింజ ఒక్కటైనా మిగిలిందా అని కొంచెం కొంచెంగా వెదికాను. ఇప్పుడే రాలిన బియ్యమే తగిలింది, నల్లని గింజ ఒక్కటీ తగలలేదు.

వనిత బాగా కడిగింది.